తాతల పొలములో దాగినది ఎవరిది?

పుదుచ్చేరి పట్టణమునకు చేరిన మేట్టుపాళయములో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబపు యౌవనుడు ఇటీవల నాకొక ప్రశ్న పంపెను. వారి ముత్తాతల నాటి పొలము కొంత ఇంకను మిగిలియున్నది. పారిశ్రామికవాడ రేకుల షెడ్లు దాని గట్టు వరకు వచ్చినవి. నేడో రేపో అదియు ప్లాట్లుగా విభజింపబడును. అంతకు ముందే ఒక మెటల్ డిటెక్టరు కొని, పొలమంతయు నడిచి, నేలలో ఏమున్నదో చూడవలెనని అతని కోరిక. ఈ పనికి అతడు కొత్తవాడు. ఎట్టి యంత్రము కొనవలెనో, ఏ మూలనుండి ఆరంభింపవలెనో చెప్పువారు అతనికి ఉన్నారు. నన్ను అడిగినది మాత్రము వేరు. "మా పొలములో మాకు దొరికినది మాదే గదా? ఇందులో దోషమేమైన కలదా?"

"మీదే, దోషమేమియు లేదు" అని ఒక్క వాక్యములో ప్రత్యుత్తరము వ్రాయవచ్చును. అయితే ఆ చిన్న ప్రశ్నలో "మా" అను మాట మూడుమార్లు వచ్చినది. అనువాదము చేయువారికి ఇట్టి చిన్న మాటలయొద్ద ఆగుట అలవాటు. మొదటి "మా" ఒక కుటుంబమంతటిది. రెండవది యంత్రమును పట్టుకొనిన ఒక్క చేతిది. మూడవదియైన "మాదే" ఈ రెంటిలో దేనికి చెందినది? ప్రశ్న వేసినవానికి అవి మూడును ఒకటిగానే వినబడియుండును. నాకు అట్లు వినబడలేదు.

ముందుగా ఆ యంత్రమును గూర్చి కొంచెము చెప్పుకొందము. దాని అడుగుననున్న తీగచుట్టలో మారుచుండు విద్యుత్తు ప్రవహించును. అందువలన నేలలోనికి మారుచుండు అయస్కాంత క్షేత్రము వ్యాపించును. అచ్చట లోహమున్న యెడల ఆ లోహములో చిన్న విద్యుత్ సుడులు పుట్టును. ఆ సుడులు తిరిగి పంపు ప్రభావమును యంత్రము గ్రహించి చెవిలో కూత పెట్టును. అనగా అది లోహమును చూడదు, వినును. ఇనుమునకును వెండికిని ధ్వనిలో భేదము కొంత తెలియును గాని, పలుచని బంగారు ఉంగరమునకును నలిగిన అల్యూమినియము ముక్కకును తరచుగా ఒకే కూత. ఒక నాణెము ఒక అడుగుకంటె లోతున నున్న యెడల సామాన్యమైన యంత్రమునకు అది వినబడుట కష్టము. కనుక తాతల పొలములో నడుచువానికి మొదట దొరకునవి నాగటి కర్రు ముక్కలు, ఎద్దుల నాడాలు, మేకులు, పురుగుమందు డబ్బాల మూతలు, పంపుసెట్టు తీగెలు. నెలల తరబడి ఇవే దొరకినను ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ యంత్రపు తొలిదినములలో జరిగిన ఒక సంగతి స్మరింపదగినది. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడైన గార్‌ఫీల్డు తుపాకి దెబ్బ తినెను. గుండు శరీరములో ఎచ్చట నున్నదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహమును వినగల ఒక పరికరమును సిద్ధపరచి రోగి మంచమునొద్దకు తెచ్చెను. పరుపులోని ఉక్కు స్ప్రింగుల వలన ధ్వని తారుమారాయెను. అంతకంటె ముఖ్యమేమనగా, గుండు కుడి ప్రక్కనే యున్నదని నమ్మిన ప్రధాన వైద్యుడు ఆ ప్రక్కను మాత్రమే వెదకనిచ్చెను. గుండు ఎడమ ప్రక్కన నుండెను. ఆ సెప్టెంబరు 19న గార్‌ఫీల్డు మరణించెను. వెదకువాడు ముందే నిశ్చయించుకొనిన దిక్కున తప్ప యంత్రము వెదకజాలదు. మన యౌవనుని విషయములోను, యంత్రమును ఆన్ చేయకమునుపే అతని మనస్సులో ఏది నిశ్చయమైపోయినదో దానినే మనము విచారింపవలసియున్నది.

మన పల్లెలలో పెద్దలు చెప్పు కథ యొకటి చాలమందికి తెలిసియుండును. ద్వాపర యుగము ముగియు దినములలో ఒకడు మరియొకనియొద్ద పొలము కొనెను. దున్నుచుండగా బంగారు నాణెముల బిందె బయటపడెను. కొనినవాడు దానిని అమ్మినవానియొద్దకు మోసికొనిపోయి, "నేను నేలను కొంటిని గాని బిందెను కొనలేదు" అనెను. అమ్మినవాడు, "నేలతోపాటు దానిలో నున్నదియు నీకు అమ్మితిని" అని త్రోసిపుచ్చెను. ఇద్దరును ధర్మరాజు సభకు వెళ్లిరి. తీర్పు కొన్నాళ్లు వాయిదా పడెను. ఆ లోపల కలి ప్రవేశించెను. తిరిగి వచ్చినప్పుడు ఇద్దరును "నాది, నాది" అని పోట్లాడుకొనిరి.

యూదులు ఆదికాండముపై కూర్చుకొనిన ప్రాచీన వ్యాఖ్యానములో దాదాపు ఇదే కథ కలదు. అలెగ్జాండరు చక్రవర్తి దూరదేశమైన కసియా రాజును చూడబోయెను. ఆ సమయమున ఇద్దరు మనుష్యులు తీర్పునకు వచ్చిరి. పాడుబడిన స్థలము కొనినవాడు అందులో దొరికిన నిధి తనది కాదనెను. అమ్మినవాడును తనది కాదనెను. రాజు ఒకనికి కుమారుడును మరియొకనికి కుమార్తెయు కలరని తెలిసికొని, వారిద్దరికి పెండ్లి చేసి నిధిని వారికి ఇమ్మనెను. అలెగ్జాండరు ఆశ్చర్యపడెను. తన దేశములో నైతే ఇద్దరిని చంపించి నిధిని రాజు తీసికొనునని చెప్పెను. అప్పుడు ఆ రాజు, అలెగ్జాండరు దేశములో ఎండ కాయునా, వాన కురియునా, పశువులున్నవా అని అడిగి, అచ్చట వాన కురియునది ఆ పశువుల నిమిత్తమే యని చెప్పెను. మన కథ కాలమును నిందించుచున్నది, వారి కథ రాజ్యమును నిందించుచున్నది. ఏది లోతైనదో నిర్ణయింప నేను పూనుకొనను. రెంటిలోను ఒక సంగతి సమానముగా నున్నది. బిందెను ఎవరును వెదకలేదు. అది నాగటికి తగిలెను. వెదకనివాడు గనుకనే అతడు అంత తేలికగా "నాది కాదు" అనగలిగెను. "నాది" అని ముందే అనుకొనుటకు అతనికి వ్యవధి లేకపోయెను.

ప్రాచీన ధర్మశాస్త్రజ్ఞులు ఈ భేదమును ఎంత స్పష్టముగా గ్రహించిరో చూడుడి. రోమా చక్రవర్తి హడ్రియను ఏర్పరచిన నియమమును 533లో జస్టీనియను తన శాస్త్రగ్రంథములో చేర్చెను. తన నేలలో నిధి కనుగొనినవానికి అది అంతయు చెందును. పరుని నేలలో దొరికిన యెడల సగము నేల యజమానికి, సగము కనుగొనినవానికి. అయితే రెండవ సందర్భములో అది పనిగట్టుకొని వెదకినందున గాక, తలవని తలంపుగా దొరికినదై యుండవలెను. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ 716వ నిబంధనయు ఈ మార్గమునే అనుసరించి, ఎవరును తమదని నిరూపింపలేనిదియు, కేవలము యాదృచ్ఛికముగా బయలుపడినదియు నిధి యగునని నిర్వచించినది. పుదుచ్చేరి 1954 నవంబరు 1 వరకు ఫ్రెంచి పరిపాలనలో నుండెను. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమునకు సంక్రమించెను. అనగా మన యౌవనుని తాత ఆ పొలము దున్నిన దినములలో ఆ ఊరిలో చెల్లిన న్యాయము, యాదృచ్ఛికముగా దొరికినదానినే నిధి యనెను. చేతిలో యంత్రము పట్టుకొని, గీతలు గీసికొని, వరుస వెంబడి వరుస నడుచువానికి దొరికినది యాదృచ్ఛికమని ఎవరనగలరు?

తటాలున కనుగొనినవాని బాధ్యత కనుగొనిన తరువాత ఆరంభమగును. వెదకువాని బాధ్యత వెదకక మునుపే ఆరంభమగును. మొదటివానికి ఆశ్చర్యమే సాకు. రెండవవానికి ఆ సాకు లేదు. ఏమి దొరకవచ్చునో తలంచుకొనియే అతడు యంత్రమునకు రూకలు చెల్లించెను. కనుక ఆ దొరకబోవునది ఎవరిదో కూడ అప్పుడే తలంచుట అతనికి సాధ్యము. సాధ్యమైనది కర్తవ్యము కాదని చెప్పుట నావలన కాదు.

మత్తయి సువార్త పదమూడవ అధ్యాయములో ప్రభువు ప్రక్కప్రక్కన చెప్పిన రెండు చిన్న ఉపమానములు ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చును. ఒకడు పొలములో దాచబడిన ధనమును కనుగొనెను. మరియొకడు మంచి ముత్యములను వెదకెను. మొదటివాడు వెదకినట్లు వాక్యములో లేదు. రెండవవాడు వెదకుటయే వృత్తిగా గలవాడు. మొదటి ఉపమానమును చూపి, పొలపు యజమానికి చెప్పక పొలము కొనిన ఆ మనుష్యుని నీతిమంతుడందుమా యని వ్యాఖ్యానకర్తలు ఎంతయో వాదించిరి. నా అభిప్రాయములో ఈ వాదము ఉపమానపు గుమ్మము దాటి లోపలికి పోలేదు. గ్రీకు మూలములో "దాచు" అను క్రియ రెండుమార్లు వచ్చును. ధనము దాచబడియుండెను, కనుగొనినవాడు మరల దాచెను. అతడు దానిని ఎత్తికొని పోలేదు. నేలను తనదిగా చేసికొనువరకు నేలలోనిది తనది కాదని అతడు ఒప్పుకొనుచున్నాడు. అందుకొరకు తనకు కలిగినదంతయు అమ్మివేయుచున్నాడు. ముత్యముల వర్తకుడు మరింత బాహాటముగా, సంతలో, అడిగిన వెల ఇచ్చి కొనుచున్నాడు. పరలోకరాజ్యమును గూర్చిన ఈ మాటలను త్రవ్వకములకు అనుమతి పత్రముగా వాడుకొనుట ఎట్లును తగదు. అయినను వెదకువాడు ముందుగా వెల చెల్లించునని ఆ కథల నడక మనకు చెప్పుచునే యున్నది.

మన యౌవనుడు తన సొంత పొలములోనే వెదకుచున్నాడు గదా, అతడు ఎవరికి వెల చెల్లించవలెనని కొందరడుగుదురు. ఈ ప్రశ్నయే నన్ను ఆ "మా" అను మాటయొద్దకు తిరిగి తెచ్చుచున్నది.

మన దేశమున 1878లో చేసిన ఇండియన్ ట్రెషర్ ట్రోవ్ ఆక్టు నేటికిని కలదు. నేలలో దాగి దొరికినది పది రూపాయలకు మించిన విలువ గలదైన యెడల కనుగొనినవాడు కలెక్టరునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. పది రూపాయలు ఆనాటి మాట, నేడు ఒక పాత వెండి నాణెమే దానిని మించును. స్వంతదారుడు ఎవడును తేలని యెడల, వేరు ఒప్పందము లేనప్పుడు, మూడు వంతులు కనుగొనినవానికి, ఒక వంతు స్థలపు యజమానికి అని ఆ చట్టము పంచియిచ్చును. తెలుపక దాచినవాడు తన భాగమును కోల్పోవుటయే గాక ఒక సంవత్సరము వరకు చెరసాల శిక్షకు పాత్రుడగును. ఇందులో నన్ను ఆకర్షించినది మరియొక నిబంధన. కనుగొనిన దినమునకు వెనుకటి నూరు సంవత్సరములలోపల దానిని తానో, తాను ఎవరి ద్వారా హక్కు పొందెనో వారో దాచిరని ఎవడైన వచ్చి చెప్పి, అది నమ్మదగినట్లు కలెక్టరునకు తోచిన యెడల, అతడు సివిల్ కోర్టునకు పోవుటకు కాలావకాశమియ్యవలెను. నూరేండ్ల వరకు అది ఎవరును లేని ధనము కాదు. దాచిన చేతికి వారసులు ఉండవచ్చునని చట్టము నమ్ముచున్నది.

ఇప్పుడు ఆ పొలమును తలంచుడి. ముత్తవ్వ కరవు కాలమున ఒక చెంబులో పది వెండి రూపాయలు పోసి మామిడి మొదట పాతిపెట్టి, ఎవరికిని చెప్పక మరణించెననుకొందము. అది దిక్కులేని నిధి కాదు. అది ఆమె ఆస్తి, ఆమె సంతతి అందరికిని చెందినది. అందులో యంత్రము కొనిన మనుమడు ఒకడు. ఉద్యోగము నిమిత్తము దూరమున నున్న అన్నగారు ఒకరు. పెండ్లియై పోయిన అక్కచెల్లెండ్రు ఉన్నారు, వారి పిల్లలు ఉన్నారు. క్రైస్తవులకు సామాన్యముగా వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము కుమారునికిని కుమార్తెకును భేదము చూపలేదు. అయినను మన కుటుంబములలో పొలము పంపకమునాడు ఆడపిల్లలచేత సంతకము పెట్టించుకొని చీర పెట్టి పంపు ఆచారము ఎంతమంది ఇండ్లలో పోయినది? పైన కనబడు నేలలోనే ఆమె భాగము మరచిపోయినవారము, అడుగున కనబడని దానిలో ఆమెను జ్ఞాపకము చేసికొందుమా? యంత్రము కొనక మునుపు ఆ యౌవనుడు అక్కగారికి ఒక ఉత్తరము వ్రాయవలెను. "అక్కా, నేను ఈ పని చేయబోవుచున్నాను, దొరికినదానిలో నీకు భాగము కలదు, నీకు సమ్మతమేనా?" అని. ఏమియు దొరకకమునుపు ఈ ఉత్తరము వ్రాయుట సులభము. దొరికిన పిమ్మట వ్రాయుట ఎంత కష్టమో ఆ ధర్మరాజు కథయే చెప్పును.

ఇంకొక గుంపువారు ఉన్నారు. వారి పేర్లు పట్టాలో ఉండవు. పొలమును తన పేరున వ్రాయించుకొనినవాడు గట్టుమీద నిలిచెను. ఆ మట్టిలో వంగి నడిచినవారు నాట్లు వేసినవారు, కలుపు తీసినవారు, కోత కోసినవారు. ఒక పొలములో పైపైన దొరకు చిన్న వస్తువులు చాలవరకు ఇట్టివారి ఒడినుండి, కాలినుండి జారినవే. బురదలో ఊడిపోయిన మట్టె, కొంగున ముడివేసికొనగా జారిన కాసు, కూలి డబ్బులలో ఒక నాణెము. అది పోయిన సాయంకాలము ఆ గుడిసెలో ఎంత వెదకులాట జరిగెనో! మన సంఘములలో అనేకుల తాతలు, అవ్వలు ఇతరుల పొలములలో వంగినవారే గనుక దీనిని నేను ఎక్కువగా వివరింపనక్కరలేదు. పోయిన వస్తువును చూచి చూడనట్లు పోక, స్వంతదారుడు వచ్చువరకు భద్రపరచి అతనికి అప్పగింపవలెనని ద్వితీయోపదేశకాండము ఇరువదిరెండవ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆ కుటుంబములు ఇప్పటికిని ఆ ఊరిలో నున్న యెడల, దొరికిన మట్టెను వారి వీధికి తీసికొనిపోయి చూపుట వెఱ్ఱితనము కాదు. ముసలివారు గుర్తుపట్టవచ్చును, గుర్తుపట్టకపోవచ్చును. అడుగుట మాత్రము జరుగవలెను.

తెలంగాణలోని జనగామ జిల్లా పెంబర్తిలో 2021 ఏప్రిల్‌లో జరిగినది పత్రికలలో వచ్చెను. కొంతకాలము క్రిందటనే కొనిన భూమిని ఒకరు చదును చేయించుచుండగా లోహపు పాత్ర ఒకటి బయటపడెను. అందులో బంగారు, వెండి ఆభరణములు ఉండెను. జనులు గుమికూడి కొబ్బరికాయలు కొట్టిరి, అధికారులు వచ్చి నగలను స్వాధీనపరచుకొనిరి. అచ్చట వెదకినవారు లేరు గనుక జరిగినది పట్టపగలు, ఊరి అందరి ఎదుట జరిగెను. దీనికి భిన్నముగా, గుప్తనిధులకొరకు పాత కోటలను, గుడులను, సమాధులను రాత్రివేళ త్రవ్వి పట్టుబడినవారి వార్తలు మన రెండు రాష్ట్రములలోను తరచుగా వినుచున్నాము. వ్యక్తులే కాదు, ప్రభుత్వములును ఈ ఆశకు అతీతములు కావు. కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల అనుమతితోనే త్రవ్వకములు జరిగెను. ఆశించిన నిధి దొరకలేదు, వివాదము మాత్రము మిగిలెను. ఆకాను తన గుడారపు నేలలో పాతిపెట్టిన వెండిబంగారములను గూర్చి యెహోషువ గ్రంథములో చదువునప్పుడు మనము దొంగతనమునే చూతుము. ఆ గుడారములో అతని ఇంటివారందరును నివసించిరనియు, అతడు పాతిన గొయ్యిమీదనే వారు పండుకొనిరనియు నేను తలంచుదును.

మేట్టుపాళయమున కేవలము ధనమే గాక మరియొకటి దొరకవచ్చును. ఆ పేరునే చూడుడి. తమిళములో "మేడు" అనగా ఎత్తైన నేల, మన "మెట్ట" దాని తోబుట్టువు. "పాళయము" మన "పాళెము". పుదుచ్చేరికి దక్షిణమున అరియాంకుప్పం నదియొద్దనున్న అరికమేడు పేరులోను ఆ మేడే కలదు. అచ్చట ఊరి పిల్లలు ఏరిన పూసలు, చెక్కిన రాళ్లు 1930ల దశకములో జూవో-దుబ్రయి అను ఫ్రెంచి పండితుని దృష్టికి వచ్చెను. 1945లో మార్టిమర్ వీలర్ పొర వెంబడి పొర త్రవ్వించి, ఇటలీ దేశపు ఎఱ్ఱని మట్టిపాత్రల పెంకులను, ద్రాక్షారసపు జాడీల పెంకులను స్థానికమైన కుండపెంకులతోపాటు ఒకే పొరలో చూచెను. ఇటలీ పాత్రల కాలము తెలిసినదే గనుక స్థానికమైన కుండల కాలమును తెలిసెను. దక్షిణ భారతపు చరిత్రకు క్రీస్తుశకారంభపు తేదీ యొకటి ఆ పెంకులు ఇచ్చెను. పెంకు విలువ పెంకులో లేదు, అది పడియున్న చోటిలో నుండెను. వాక్యములోనుండి ఒక మాటను పెరికి చేతిలో పెట్టి అర్థము చెప్పుమన్నట్లే, నేలలోనుండి పెరికిన వస్తువు మాట్లాడదు. పాతదని తోచినది కనబడగానే చేయి ఆపి, ఉన్నచోటనే యుంచి, పురావస్తు శాఖకు తెలుపుట ఆ మౌనమును నివారించు మార్గము.

మరియు కుండ కనబడినంత మాత్రమున అది ధనపు కుండ కాదు. పుదుచ్చేరి చుట్టుపట్ల సుత్తుకేణి మొదలగు చోట్ల, ఫ్రెంచి పురావస్తు పరిశోధకులైన కజాల్ దంపతులు త్రవ్వినప్పుడు, ప్రాచీనులు మృతులతోపాటు నగలను, ఇనుప పనిముట్లను భూమిలో ఉంచిన సమాధులు బయలుపడెను. యంత్రము ఇనుమును విని కూత పెట్టును. ఆ ఇనుము ఎవరో తల్లి తన కుమారుని ప్రక్కన ఉంచిన కత్తి యైయుండవచ్చునని అది చెప్పజాలదు. ఇట్టివారికి మనము వారసులము కాము, స్వంతదారులము కాము. మన శ్మశానముల గోడలు కూల్చినప్పుడు మనకు కలుగు నొప్పిని వారికిని కలదని ఊహించుట తప్ప మనకు వేరు కొలత లేదు.

ఇంత చెప్పినందున నేను ఆ యౌవనుని వారించుచున్నానని తలంచరాదు. అతని కోరికలో నాకు ఇష్టమైనది కలదు. ప్లాట్ల క్రింద పడబోవు నేలను ఒకసారి వినవలెనని కోరువాడు ధనాశాపరుడే యని నేననను. తాత కాలి క్రింద అరిగిన నాడా ఒకటి దొరికిన యెడల అది ఇంటి బీరువాలో ఉండదగినదే. నాబోతు తన పితరుల స్వాస్థ్యమును రాజునకైనను ఇయ్యననినప్పుడు దాని వెలను లెక్కింపలేదు. అక్కగారి సమ్మతి తీసికొని, ఊరిలోని పాత కూలివారిని పలుకరించి, వారు పొలమును గూర్చి చెప్పునది వ్రాసికొని, అప్పుడు నడవనిమ్ము. ఆ వ్రాసికొనిన మాటలలోనే అతడు వెదకునది సగము దొరకునని నా అనుమానము.

పని నడుచునప్పుడు ఒక చిన్న సంగతి. ప్రతి కూతకు ఒక గొయ్యి పడును. దినాంతమునకు పొలములో ముప్పది గోతులుండును. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో ఎద్దైనను గాడిదయైనను పడిన యెడల, దాని యజమానికి వెల చెల్లించవలెనని నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయము నియమించినది. మేట్టుపాళయములో నేడు ఆ గట్టున నడుచునవి ఎద్దులు కాకపోవచ్చును. షెడ్లలో రాత్రి పని ముగించుకొని, చీకటిలో ఆ పొలమునకు అడ్డముగా ఇంటికి పోవు కార్మికులు అయియుండవచ్చును. చీకటి పడకమునుపే అతడు పారతో మట్టిని తిరిగి లాగి, కాలితో అదిమి, గోతులు పూడ్చివేయవలెను.